మందొచ్చింది సరే, ఏ క్యాన్సర్‌కి?

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. జీవశాస్త్రం పదో తరగతితో వదిలేసిన ఎంపీసీ బాపతు. పగలు జావా, రాత్రి ప్రొడక్షన్ సపోర్టు, ఇదీ మన బతుకు. ఈ టపాలో ఉన్న వైద్యమంతా చదివి తెలుసుకున్నదే. ఎందుకు చదవాల్సొచ్చిందో చెబితే నా గోలేమిటో మీకు అర్థమవుతుంది.

2025 ఆగస్టులో ఓ ఆదివారం పొద్దున్నే ఫోను. అమీర్‌పేటలో కోర్సులు చేసే రోజుల్లో నా రూమ్మేటు. వాళ్ళ నాన్నగారికి జీర్ణాశయంలో క్యాన్సర్, అప్పటికే లివర్‌కి పాకింది. మొదటి కీమో కొన్నాళ్ళు పనిచేసి ఆగిపోయింది, రెండోది నడుస్తోంది. ఇదంతా నాకు తెలుసు. ఆ రోజు వాడి గొంతులో మాత్రం ఏదో హుషారు.

"ఒరేయ్, పొద్దున నీకో మెసేజి పంపించా చూశావా? క్యాన్సర్‌కి మందొచ్చిందంట. మన ఐఐటీ వాళ్ళే కనిపెట్టారంట. మన రక్తంలో కణాలే తీసి, మార్చి, మళ్ళీ ఎక్కిస్తారంట. నలభై లక్షలంట. తెనాలి దగ్గర అమ్మకి పసుపు కుంకుమల కింద వచ్చిన ఎకరం ఉంది కదా, బేరం పెట్టమని మావయ్యకి చెప్పేశా. నువ్వు ఇలాంటివి చదువుతుంటావుగా, ఒకసారి చూసి చెప్పు."

మెసేజి చూశాను. తమాషా ఏమిటంటే అందులో అబద్ధం అంటూ దాదాపు ఏమీ లేదు. ఐఐటీ నిజం. కణాలు మార్చడం నిజం. విదేశాల ధరలో పదో వంతు అన్నదీ ఇంచుమించు నిజం. లేనిదల్లా ఒక్కటే మాట: ఏ క్యాన్సర్‌కి?

ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల ఒక ఎకరం అమ్మకానికి వచ్చింది. నా బాధంతా అదే.

సరే, అసలు విషయానికొద్దాం. ఆ మందు పేరు కార్-టి. మనం నడిపే కారు కాదు లెండి, కైమెరిక్ యాంటిజెన్ రిసెప్టర్ అనే పెద్ద పేరుకి పొట్టి పేరు. కైమెరా అంటే గ్రీకుల కథల్లో సింహం, మేక, పాము కలిసిన జంతువు. మన గుళ్ళ స్తంభాల మీద ఉండే యాళి లాంటిదన్నమాట. మన రోగనిరోధక వ్యవస్థలో టి కణాలని ఉంటాయి, శత్రువుని పట్టుకుని చంపే పని వాటిది. కానీ క్యాన్సర్ కణం మన ఒంట్లో పుట్టిందే కాబట్టి చాలాసార్లు వీటి కన్ను కప్పేస్తుంది. అందుకని ఆ టి కణానికి బయట నుంచి ఒక కొత్త రిసెప్టర్ తగిలిస్తారు. దాని తల యాంటీబాడీది, అది గుర్తుపడుతుంది. తోక టి కణానిది, అది చంపమని సిగ్నల్ ఇస్తుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ ఇన్‌స్టిట్యూట్‌లో జెలిగ్ ఎష్‌హర్ బృందం 1989లోనే ఈ ఆలోచనని ల్యాబ్‌లో చేసి చూపించింది.

అక్కణ్ణుంచి మనిషి ప్రాణం నిలబెట్టడానికి ఇరవై ఏళ్ళు దాటింది. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ళ పాపకి, లుకేమియా రెండుసార్లు తిరగబెట్టాక, కార్ల్ జూన్ బృందం తయారుచేసిన కార్-టి కణాలు ఎక్కించారు. పాప దాదాపు పోయినంత పనైంది. కణాలు పనిచెయ్యకపోవడం వల్ల కాదు, మరీ ఎక్కువ పనిచెయ్యడం వల్ల. ఒళ్ళంతా వాపు సంకేతాల తుఫాను. కీళ్ళవాతానికి వాడే టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చాక తేరుకుంది. పదేళ్ళ తర్వాత కూడా జబ్బు తిరిగి రాలేదు. 2017 ఆగస్టులో ఈ మందుకి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ధర 4,75,000 డాలర్లు.

మన దగ్గర ఐఐటీ బొంబాయిలో రాహుల్ పుర్వార్ బృందం, టాటా మెమోరియల్ డాక్టర్లు, ఇమ్యునోయాక్ట్ కంపెనీ కలిసి సొంతంగా ఒకటి తయారుచేశారు. పేరు నెక్స్‌కార్19. 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది, 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఐఐటీలో దాన్ని ప్రారంభించారు. నిజంగా గర్వపడాల్సిన విషయమే. ఇందులో నాకే అభ్యంతరమూ లేదు.

ఆ పేరు చివర ఉన్న 19 చూశారా? కీలకమంతా అక్కడుంది. ఈ మందు సీడీ19 అనే గుర్తున్న కణాల్ని వెతికి చంపుతుంది. ఆ గుర్తు ఉండేది బి కణాల మీద. అంటే బి కణాల నుంచి పుట్టే కొన్ని లుకేమియాలకి, లింఫోమాలకి ఇది మందు. జీర్ణాశయం క్యాన్సర్ కణం మీద సీడీ19 ఉండదు. మావాడి నాన్నగారికి ఆ కణాలు ఎక్కిస్తే వాళ్ళ లివర్లో ఉన్న గడ్డ పక్క నుంచే వెళ్ళిపోతాయి, దాన్ని గుర్తుపట్టవు.

ఇక్కడే మన బుర్రకి సహజంగా ఒక ప్రశ్న వస్తుంది. సీడీ19 బదులు జీర్ణాశయం క్యాన్సర్ గుర్తు పెట్టేస్తే సరిపోదా? కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క వాల్యూ మార్చినట్టు? మావాడూ ఇదే అడిగాడు. నేనూ మొదట ఇదే అనుకున్నాను. తర్వాత రెండు మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని చదివితే తెలిసిందేమిటంటే, రక్తపు క్యాన్సర్లలో వచ్చిన విజయానికి కొన్ని అదృష్టాలు కలిసొచ్చాయి. గడ్డ క్యాన్సర్లలో ఆ అదృష్టాలు ఒక్కటీ లేవు. పెద్దవాళ్ళకొచ్చే క్యాన్సర్లలో పదింట తొమ్మిది ఈ గడ్డ క్యాన్సర్లే మరి.

మొదటి అదృష్టం, తప్పు జరిగినా బతకొచ్చు. సీడీ19 మంచి బి కణాల మీద కూడా ఉంటుంది. మందు వాటినీ చంపేస్తుంది. అయినా మనిషి బతుకుతాడు, అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు. అదే ఊపిరితిత్తుల్లోని మంచి కణాల్ని చంపేస్తే? 2010లో అమెరికాలో ఇదే జరిగింది. పెద్దపేగు క్యాన్సర్ పాకిన ఒక రోగికి హెర్2 అనే గుర్తుని పట్టుకునే టి కణాలు వెయ్యి కోట్లు ఎక్కించారు. పదిహేను నిమిషాల్లో ఊపిరి అందలేదు, ఐదో రోజుకి ప్రాణం పోయింది. ఊపిరితిత్తుల లోపలి పొర మీద హెర్2 చాలా కొద్దిగా ఉంటుంది, ఆ కొద్దిని ఈ కణాలు పట్టేసుకున్నాయని అనుమానం. కణాలు చెప్పిన పనే చేశాయి, స్పెసిఫికేషన్లోనే తప్పుంది. మన దగ్గరైతే రోల్‌బ్యాక్ చేస్తాం. అక్కడ రోల్‌బ్యాక్ లేదు.

రెండోది, దారి. లుకేమియా కణాలు ఉండేది రక్తంలోనూ మూలుగలోనూ. టి కణాలు తిరిగేదీ అక్కడే, కాబట్టి ఎదురుపడతాయి. గడ్డ అలా కాదు. చుట్టూ పీచులాంటి గట్టి గోడ, వంకరటింకర రక్తనాళాలు. ఎక్కించిన కణాల్లో లోపలిదాకా చేరేవి తక్కువ.

మూడోది, లోపలి వాతావరణం. చేరిన ఆ కాసిని కణాలకీ అక్కడ ఆక్సిజన్ తక్కువ, ఆమ్లం ఎక్కువ, తిండి ఉండదు. పైగా గడ్డ టీజీఎఫ్-బీటా లాంటి పదార్థాలు వదిలి వీటిని నిద్రపుచ్చుతుంది. టి కణం మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది, గడ్డ వెళ్ళి ఆ బ్రేకు తొక్కుతుంది. (ఆ బ్రేకుని కనిపెట్టిన తసుకు హోంజోకి, ఇంకో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కి కలిపి 2018లో నోబెల్ ఇచ్చారు.) రోజుల తరబడి శత్రువు ఎదురుగా ఉండేసరికి టి కణం అలిసిపోతుంది కూడా. పరిశోధకులు వాడే మాటే అది, అలసట. మూడు వారాలు వరసగా నైట్ సపోర్టు చేసినవాడికి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నాలుగోది అన్నిటికన్నా మొండిది. గడ్డలో కణాలన్నీ ఒకటి కావు. కొన్నిటి మీద గుర్తు ఉంటుంది, కొన్నిటి మీద ఉండదు. ఉన్నవాటిని చంపితే లేనివి మిగిలి పెరుగుతాయి. 2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వాళ్ళు గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ ఉన్న ముగ్గురి ఫలితాలు ప్రచురించారు. రెండు గుర్తుల్ని పట్టుకునేలా చేసిన కణాలవి. కొన్ని రోజుల్లోనే స్కాన్లో గడ్డలు గణనీయంగా తగ్గిపోయాయి. ఆ బొమ్మలు చూస్తే నమ్మబుద్ధి కాదు. కానీ ముగ్గురిలో ఇద్దరికి ఎంతో కాలం గడవకుండానే తిరిగొచ్చేసింది.

ఇంతవరకూ చదివి నిరాశపడకండి. అసలు ఇంజినీరింగ్ ఇక్కణ్ణుంచే మొదలవుతుంది, మనలాంటివాళ్ళకి నచ్చే భాగం కూడా ఇదే.

తప్పు కణాన్ని చంపే సమస్యకి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వెండెల్ లిమ్ బృందం 2016లో చూపించిన దారి అచ్చంగా మన ఆండ్ గేటు. మొదటి గుర్తు కనిపిస్తేనే రెండో రిసెప్టర్ తయారవుతుంది, రెండో గుర్తు కూడా కనిపిస్తేనే చంపుతుంది. ఒక్కటే ఉంటే వదిలేస్తుంది. ఇంకొందరు నాట్ గేట్లు పెడుతున్నారు, మంచి కణం మీదే ఉండే గుర్తు కనిపిస్తే ఆగిపోయేలా. బ్రేకు సమస్యకి ఆ పీడీ-1 జన్యువునే కత్తిరించేస్తున్నారు. 2016లో చైనాలోని చెంగ్డులో క్రిస్పర్‌తో అలా మార్చిన కణాల్ని మొట్టమొదటిసారి మనిషికి ఎక్కించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు. 2020లో ఫలితాలొచ్చాయి: పద్ధతి సురక్షితంగానే ఉంది, కానీ గడ్డలు కరిగిపోలేదు. అలసటకి స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టల్ మెకాల్ బృందం 2019లో సీ-జన్ అనే ప్రొటీన్ని ఎక్కువగా తయారుచేయించి, ఎలుకల్లో టి కణాలు అలిసిపోకుండా చూసింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది హ్యూస్టన్‌లోని బేలర్ వాళ్ళు 2024లో ప్రచురించిన పని. లివర్ లాంటి గడ్డల మీదుండే జీపీసీ3 అనే గుర్తు తీసుకున్నారు. 12 మందికి మామూలు కార్-టి కణాలిచ్చారు. ఒక్కరికీ గడ్డ తగ్గలేదు. ఇంకో 12 మందికి అదే రిసెప్టర్ పెట్టి, కణం తన తిండి తానే తయారుచేసుకునేలా ఐఎల్-15 అనే జన్యువు కూడా చేర్చి ఇచ్చారు. నలుగురికి గడ్డ తగ్గింది. రెండు గుంపుల మధ్య ప్రధానమైన తేడా ఆ జన్యువే. దుష్ఫలితాలూ ఎక్కువయ్యాయి. అందుకే ముందుచూపుతో ఆ కణాల్లో ఒక కిల్ స్విచ్ పెట్టారు, పరిస్థితి చెయ్యి దాటితే మందిచ్చి ఆ కణాల్ని చంపెయ్యొచ్చు. 2010లో లేని రోల్‌బ్యాక్ ఇది. సున్నా నుంచి నాలుగు అంటే పేపర్లో హెడ్డింగుకి పనికిరాదు. కానీ ఎన్నో ఏళ్ళు బగ్గు వెనక తిరిగినవాళ్ళకి, మొదటిసారి లాగ్‌లో ఏదో కదిలిందంటే దాని విలువ తెలుస్తుంది.

మనుషుల లెక్కలో అసలు గెలుపులు కూడా లేకపోలేదు. అదే బేలర్ వాళ్ళు 2004 నుంచి 2009 వరకు న్యూరోబ్లాస్టోమా అనే పిల్లల క్యాన్సర్ మీద తొలి తరం కార్-టి వాడారు. 19 మంది పిల్లలు. చాలామంది జబ్బు తిరగబెట్టి చనిపోయారు. అందులో ఒక అమ్మాయి మాత్రం, అప్పటికి ఎముకలకి పాకిన జబ్బుతో ఉన్న పిల్ల, పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా ఏ చికిత్సా లేకుండా బాగుందని 2025లో రాశారు. ఆ అమ్మాయి ఇప్పుడు తల్లి కూడా. రోమ్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఇదే జబ్బున్న 27 మందికి కొత్త తరం కణాలిస్తే 63 శాతం మందిలో జబ్బు తగ్గిందని 2023లో వచ్చింది. 2024 ఆగస్టులో ఎఫ్‌డీఏ సైనోవియల్ సార్కోమా అనే అరుదైన గడ్డకి, జన్యువు మార్చిన టి కణాల మందు ఒకదానికి అనుమతిచ్చింది. 44 మందిలో 43 శాతం మందికి గడ్డ తగ్గింది. కాకపోతే అది కార్ కాదు, దాని అన్నదమ్ముల్లాంటి టీసీఆర్ పద్ధతి. నిర్దిష్టమైన కణజాల రకం ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. ధర 7,27,000 డాలర్లు.

మరి మావాడి నాన్నగారి సంగతి? జీర్ణాశయం క్యాన్సర్‌కి ఏమీ లేదా? ఉంది, ఇదే నేను వాడికి చెప్పడానికి తటపటాయించిన విషయం.

క్లాడిన్18.2 అని ఒక ప్రొటీన్. మామూలుగా జీర్ణాశయం లోపలి కణాల అతుకుల్లో దాక్కుని ఉంటుంది, క్యాన్సర్ వచ్చి ఆ అమరిక చెదిరిపోతే బయటపడుతుంది. దాన్ని పట్టుకునే కార్-టి ఒకటి చైనాలో తయారైంది, పేరు సాట్రి-సెల్. అప్పటికే కనీసం రెండు చికిత్సలు విఫలమైనవాళ్ళు 156 మంది. చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు: 104 మందికి సాట్రి-సెల్, 52 మందికి డాక్టరు ఎంచుకున్న మామూలు మందు. గడ్డ క్యాన్సర్లలో కార్-టిని ఇలా రెండు గుంపులుగా పోల్చి చూడ్డం అదే మొదలు. 2025లో లాన్సెట్‌లో ఫలితాలొచ్చాయి. జబ్బు పెరగకుండా ఆగిన కాలం 3.25 నెలలు, రెండో గుంపులో 1.77. బతికిన కాలం 7.92 నెలలు, రెండో గుంపులో 5.49. ఇవన్నీ మీడియన్లు, అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది అంతకన్నా తక్కువ. 104 మందిలో కణాలు ఎక్కించగలిగింది 88 మందికే. ఎక్కించుకున్నవాళ్ళలో దాదాపు అందరికీ తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయి, ఎక్కువగా రక్తకణాలు పడిపోవడం లాంటివి.

ఇప్పుడు చెప్పండి, ఇది విజయమా, అపజయమా? నా మటుకు నాకు ఇది విజయమే. ఇక చెయ్యడానికి ఏమీ లేదనుకున్న చోట, సరైన పోలికతో, ఎవరూ వేలెత్తి చూపలేని విధంగా, రెండు మూడు నెలలు సంపాదించారు. రేపు ఇదే మందు జబ్బు ముదరకముందే ఇస్తే ఎలా ఉంటుందో చూస్తారు. సైన్సు ఇలాగే నడుస్తుంది. కానీ "క్యాన్సర్‌కి మందొచ్చింది" అన్న వాక్యానికీ, ఈ రెండు నెలల పదమూడు రోజులకీ మధ్య ఎంత దూరముందో చూశారా? మావాడి ఎకరం ఆ దూరంలోనే పడి కొట్టుకుపోయేది.

ఇంకో సంగతి జరిగింది. మేమీ తర్జనభర్జనల్లో ఉండగా ఎవరో మావాడికి ఒక క్లినిక్ నంబరిచ్చారు. పేరు చెప్పను. వాళ్ళూ "ఇమ్యూన్ సెల్ థెరపీ" చేస్తామన్నారు. ఏ గడ్డకైనా పనిచేస్తుందట, ఆరు ఇంజెక్షన్లు, పన్నెండు లక్షలు. ఏ గుర్తు మీద పనిచేస్తుంది అని అడిగాను. "టోటల్ ఇమ్యూనిటీ బూస్ట్ అవుతుంది సార్" అన్నారు. ఏ ట్రయల్? "మా దగ్గర చాలామంది పేషెంట్లు హ్యాపీ సార్." రిజిస్ట్రేషన్ నంబరు? ఫోను కట్.

నిజమైన సైన్సుకి వచ్చిన మంచిపేరు మీద ఇలాంటి బేరాలు బతుకుతాయి. పైన ఇన్ని లెక్కలు రాశాను కదా, అవన్నీ ఎవరిచ్చారు? ఆ పరిశోధకులే. ఎంతమందికి పనిచెయ్యలేదో, ఎవరు చనిపోయారో, ఎందుకు చనిపోయారో వాళ్ళే అచ్చు వేసుకున్నారు. తన బగ్గులు తానే బయటపెట్టేవాడు ఒకపక్క, "అందరూ హ్యాపీ సార్" అనేవాడు ఒకపక్క. ఆపదలో ఉన్నవాడికి రెండోవాడి మాటే తియ్యగా వినిపిస్తుంది. తప్పు వాడిది కాదు.

మరి తప్పెవరిది? నన్నడిగితే అందులో కొంత మనది కూడా. ఇంట్లో, ఊళ్ళో, చుట్టాల్లో "వీడు చదువుకున్నాడు, కంప్యూటర్లలో ఉన్నాడు, వీడికి తెలుస్తుంది" అని మన వైపే చూస్తారు. మనమేమో హెడ్డింగు చూసి, గర్వంగా ఉందని నాలుగు గ్రూపుల్లో పడేసి, స్టాండప్ మీటింగుకి వెళ్ళిపోతాం. ఒక లైబ్రరీ కొత్త వెర్షన్ వస్తే రిలీజ్ నోట్స్ చదవకుండా ప్రొడక్షన్లో పెట్టం కదా? ఏ వెర్షన్‌తో పనిచేస్తుంది, తెలిసిన సమస్యలేంటి అని చూస్తాం కదా? ఆ అలవాటులో పదో వంతు ఇక్కడ చూపిస్తే చాలు. ఆ మెసేజి మావాడికి పంపించింది ఎవరో కాదు, మా పాత బ్యాచ్ గ్రూపులోనే, పదిహేనేళ్ళ అనుభవమున్న ఆర్కిటెక్టు. మంచి ఉద్దేశంతోనే పంపాడు. అంతకు ముందు సంవత్సరం అలాంటి వార్తే ఒకటి నేనూ పంపించాను, వెతికితే దొరికింది. అందుకే ఇది ఒకళ్ళని ఆడిపోసుకోవడం కాదు.

నా పద్ధతి ఇప్పుడిది. క్యాన్సర్ మందు వార్త ఏదొచ్చినా ఈ నాలుగూ చూడకుండా ముందుకి పంపను.

1. ఏ క్యాన్సర్, ఏ దశ? రక్తపుదా, గడ్డా? ఒంట్లో ఏ భాగం?

2. దేని మీద చూశారు? గిన్నెలోనా, ఎలుకలోనా, మనుషుల్లోనా? మనుషులైతే ఎంతమంది, పక్కన పోల్చడానికి రెండో గుంపు ఉందా?

3. ఎంత మేలు జరిగింది? శాతమైతే ఎంతమందిలో శాతం, కాలమైతే ఎన్ని నెలలు, నష్టమేంటి?

4. ఈ రోజు మనవాడికి ఇది ఎలా అందుతుంది? అనుమతి ఉన్న మందా, ట్రయలా? ట్రయలైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో నమోదై ఉండాలి. అది ఎవరైనా ఆన్‌లైన్లో వెతుక్కోవచ్చు. పరిశోధన ఖర్చు రోగి నెత్తిన వెయ్యకూడదని ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రయోగం అంటూనే లక్షలు అడిగితే అక్కడే లేచి వచ్చెయ్యడం మంచిది.

ఇదంతా విని మా ఆవిడ ఒక మాటంది. "అన్నీ సరే గానీ, ఆ మనిషికి ఆశ లేకుండా చేసే హక్కు మీకెక్కడిది?" సమాధానం వెంటనే చెప్పలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. కానీ ఒకటి అనిపిస్తుంది. ఆశకి కూడా చిరునామా ఉండాలి. చిరునామా లేని ఆశని ఎవడు పడితే వాడు వచ్చి వసూలు చేసుకుపోతాడు. సాట్రి-సెల్ గురించి కూడా నేను మావాడికి దాచకుండా అంకెలతో సహా చెప్పాను. వాడు వాళ్ళ నాన్నగారికి చెప్పాడు. డాక్టరు గారిని అడిగారు. అప్పుడు వాళ్ళకి అందుబాటులో ఉన్న ట్రయల్ ఏదీ దొరకలేదు, దొరికినా ఆయన ఒంటి పరిస్థితికి తట్టుకోవడం కష్టమన్నారు. రెండో కీమో ఆపేశాక ఇంటికి తీసుకెళ్ళి, నొప్పి లేకుండా చూసే వైద్యం చేయించారు.

సంక్రాంతి వెళ్ళిన పది రోజులకి ఆయన పోయారు. వెళ్ళాను. పెదకర్మ రోజు మావాడు నన్ను ఆ ఎకరం దగ్గరికి తీసుకెళ్ళాడు. కౌలుకిచ్చారు, జొన్న వేశారు. వాళ్ళమ్మగారికి ఆ కౌలే ఇప్పుడు చేతిఖర్చు. "అమ్మేసుంటే ఏమయ్యుండేదంటావ్?" అని అడిగాడు. ఏమీ అయ్యుండేది కాదురా, ఆ మందు నాన్నగారి జబ్బుకి కాదు అన్నాను. "తెలుసులే, అయినా అడుగుతున్నా" అన్నాడు. కాసేపు గట్టు మీద నిలబడి వచ్చేశాం.

గడ్డల మీద పనిచేసే కణాలు తయారవుతాయని నాకు నమ్మకముంది. 1989 నుంచి ఎమిలీ వైట్‌హెడ్ దాకా ఇరవై మూడేళ్ళు పట్టింది. ఇక్కడ ఒకటి కాదు, నాలుగు తాళాలున్నాయి, ఒక్కోటీ తీస్తున్నారు. ఆ రోజొచ్చి మళ్ళీ ఎవరైనా ఫోన్ చేసి "ఒరేయ్, మందొచ్చిందంట" అంటే, అవున్రా, మీ నాన్నగారి జబ్బుకే, ఫలానా చోట అడుగు అని చెప్పాలని నాకూ ఉంది. ఆలోగా మాత్రం ముందు ఆ ఒక్క ప్రశ్నే అడుగుతాను. ఏ క్యాన్సర్‌కి?